సోమవారం తొలి బ్యాచ్‌కే రాగి పొర ఎందుకు పడుతోంది?

జింక్ ప్లేటింగ్ లైనులో పిక్లింగ్ ట్యాంకు (తుప్పు వదిలించే యాసిడ్ తొట్టి) నుంచి తీసిన స్టీలు ముక్కలు శుభ్రంగా, బూడిద రంగులో ఉండాలి. మా దగ్గర కొన్ని వారాల పాటు సోమవారం పొద్దున తొలి బ్యాచ్ మాత్రం లేత ఎరుపులో వచ్చేది. వేలితో గట్టిగా రుద్దితే రంగు వేలికే అంటేది. దాని మీద అలాగే జింక్ వేస్తే ఒకట్రెండు రోజుల్లో బుడగలొచ్చి పొర ఊడిపోయేది. రెండో బ్యాచ్ కాస్త నయం, నాలుగో బ్యాచ్‌కల్లా అంతా మామూలే. మంగళవారం నుంచి శనివారం దాకా ఈ గొడవ ఎవరికీ గుర్తే ఉండదు, మళ్లీ సోమవారం వచ్చాక అందరికీ టెన్షన్.

ఎరుపు పొర రాగి అని తేల్చడం తేలికే. ముక్క మీద ఒక చుక్క పలచని నైట్రిక్ యాసిడ్ వేసి, కరిగినదాన్ని పరీక్షనాళికలోకి తీసి అమోనియా ఎక్కువగా పోశాం. ఇనుము గోధుమ రంగు మడ్డిగా కిందికి దిగాక పైన ముదురు నీలం మిగిలింది. అది రాగే. రాగి అయాన్లు స్టీలు మీద ఎందుకు పేరుకుంటాయో కూడా పెద్ద ప్రశ్న కాదు: రాగి ప్రమాణ పొటెన్షియల్ (ఎలక్ట్రాన్లను లాక్కునే బలానికి కొలత, కెమిస్ట్రీ పట్టికల్లో దొరుకుతుంది) +0.34 వోల్టులు, ఇనుముది −0.44. తేడా 0.78 వోల్టులు, అదీ ధన సంఖ్య. ఇనుము కరుగుతుంది, రాగి దిగుతుంది. పాత రోజుల్లో గనుల నీళ్ల నుంచి రాగి తీయడానికి తుక్కు ఇనుము వేసేవాళ్లు, అదే చర్య. ఇలా దిగిన పొర స్టీలుని గట్టిగా పట్టుకోదు, బోలుగా ఉంటుంది, అందుకే పైన వేసిన జింక్ కూడా దాంతో పాటు ఊడుతుంది.

అసలు ప్రశ్న వేరు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉన్న ట్యాంకులోకి రాగి ఎక్కడి నుంచి వచ్చింది?

రాగి వస్తువులు లైనులో ఉన్నాయి. ముక్కలు వేలాడదీసే రాక్‌లు రాగివే, పైన ప్లాస్టిక్ కోటింగు ఉంటుంది, ముక్కని పట్టుకునే కొనలు మాత్రం బయటికి ఉంటాయి. పాత రాక్‌ల మెడ దగ్గర ఆ కోటింగు చిరిగిపోయింది కూడా. నేను వాటి వైపు చూడగానే షిఫ్ట్ సూపర్‌వైజర్ అన్న మాట ఇది: "రాక్‌లు రాగివే సార్, కానీ రాగికి హైడ్రోక్లోరిక్‌తో ఏమీ కాదు కదా, స్కూల్లోనే చెప్పారు." నేను తలూపాను. నిజం చెప్పాలంటే అక్కడే రెండు వారాలు పోయాయి. కొత్తగా వచ్చిన యాసిడ్‌లో మలినం ఉందేమో, రిన్స్ నీళ్లలో ఉందేమో, స్టీలులోనే రాగి శాతం ఎక్కువేమో అని అన్నిటికీ శాంపిల్స్ తీశాను. ఎక్కడా ఏమీ దొరకలేదు.

ఆయన చెప్పిన లెక్క తప్పు కాదు. హైడ్రోజన్ అయాన్ పొటెన్షియల్ 0, రాగిది +0.34, సున్నాలోంచి 0.34 తీసేస్తే −0.34. రాగిని ఆక్సీకరించడం, అంటే దాని ఎలక్ట్రాన్లు లాక్కుని కరిగించడం, హైడ్రోజన్ అయాన్ వల్ల కాదు. ఇందులో సందేహం లేదు. కానీ మా ట్యాంకులో ఉన్నది సీసాలోంచి అప్పుడే పోసిన యాసిడ్ కాదు, నెలల తరబడి తుప్పు కరిగించిన యాసిడ్. "రాగి యాసిడ్‌లో కరుగుతుందా" అని అడిగితే పట్టిక నిజాయితీగా "కరగదు" అనే చెబుతుంది. "ఈ ట్యాంకులో ఉన్నవాటిలో రాగిని ఆక్సీకరించగలిగేది ఏదైనా ఉందా" అని మేం అడగలేదు.

ట్యాంకులో ఎవరెవరున్నారు

కాగితం తీసుకుని ట్యాంకులో ఉండే జంటలన్నీ (ఒక పదార్థం ఎలక్ట్రాన్లు తీసుకోక ముందు రూపం, తీసుకున్నాక రూపం) పొటెన్షియల్ ప్రకారం పైనుంచి కిందికి రాశాను. అన్నిటికన్నా పైన గాలిలోంచి కరిగిన ఆక్సిజన్: యాసిడ్‌లో అది నీళ్లుగా మారే జంటకి +1.23. దాని కింద ఫెర్రిక్ అయాన్ (మూడు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము) ఫెర్రస్‌గా (రెండే పోయినది) మారే జంట, +0.77. తర్వాత రాగి +0.34, హైడ్రోజన్ 0, ఫెర్రస్–ఇనుము −0.44, చివర జింక్ −0.76. ఈ నిచ్చెనలో పై మెట్టు మీదున్న ఆక్సీకరణి, కింది మెట్టు మీదున్న లోహాన్ని కరిగించగలదు. రాగికి పైన రెండు మెట్లున్నాయి. ఆక్సిజన్‌తో తేడా 0.89 వోల్టులు, ఫెర్రిక్‌తో 0.43. రెండూ ధనమే.

ఫెర్రిక్ ఎక్కడిది అంటే, తుప్పే ఫెర్రిక్. ఎర్ర తుప్పు యాసిడ్‌లో కరిగితే నేరుగా ఫెర్రిక్ క్లోరైడ్ వస్తుంది, మధ్యలో రెడాక్స్ (ఎలక్ట్రాన్ల మార్పిడి) ఏమీ లేదు. సర్క్యూట్ బోర్డుల మీది రాగిని చెక్కడానికి వాడేది ఈ ఫెర్రిక్ క్లోరైడ్‌నే. అంటే పిక్లింగ్ చేస్తున్నామనుకుంటూ మేం పక్కనే రాగిని కరిగించే ద్రావణం తయారు చేసుకుంటున్నాం.

ఇక్కడ మా జూనియర్ కెమిస్ట్ అడ్డుపడింది. "సార్, ఫెర్రిక్ పొటెన్షియల్ −0.04 కదా, పట్టికలో ఉంది చూడండి, మరి రాగిని ఎలా కరిగిస్తుంది?" పట్టికలో ఆ సంఖ్య ఉన్న మాట నిజమే, కానీ అది ఫెర్రిక్ అయాన్ ఏకంగా ఇనుప లోహంగా మారే జంటది, మూడు ఎలక్ట్రాన్లది. రాగి దగ్గర ఫెర్రిక్ అంత దూరం పోదు, ఒక ఎలక్ట్రాన్ తీసుకుని ఫెర్రస్ దగ్గర ఆగిపోతుంది. కాబట్టి వాడాల్సింది +0.77. పొరపాటున −0.04 పట్టుకుంటే జవాబు −0.38 వస్తుంది, "చర్య జరగదు" అని సంతకం పెట్టేస్తాం. ఇది చాలామంది చేసే తప్పు. మూలకం పేరు చూసి సంఖ్య తీస్తారు, అది దేని నుంచి దేనికి మారుతోందో చూడరు.

ఆ అమ్మాయి అంతటితో వదల్లేదు. 0.77, −0.44 కలిపితే 0.33 రావాలి, −0.04 ఎలా వచ్చిందంది. పొటెన్షియల్స్‌ని అలా నేరుగా కూడకూడదు, కూడాల్సింది శక్తిని. అంటే ఒక్కోదాన్నీ దాని ఎలక్ట్రాన్ల సంఖ్యతో గుణించి కూడి, మొత్తం ఎలక్ట్రాన్లతో భాగించాలి: ఒకటి సార్లు 0.77, రెండు సార్లు −0.44, కలిపితే −0.11, మూడుతో భాగిస్తే −0.04. రెండు అర్ధచర్యలు (ఒకటి ఎలక్ట్రాన్లు ఇచ్చేది, ఒకటి తీసుకునేది) కలిసి ఎలక్ట్రాన్లు సరిగ్గా చెల్లిపోయి పూర్తి చర్య అయ్యేటప్పుడు మాత్రం ఈ గుణకారం అక్కర్లేదు, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే చాలు. ఒక రాగి పరమాణువుకి రెండు ఫెర్రిక్ అయాన్లు కావాలి కదా అని 0.77ని రెండుతో గుణిస్తే మళ్లీ తప్పే.

మరి మిగతా రోజుల్లో ఎందుకు లేదు?

ఫెర్రిక్ రోజూ ఉంటుంది, రాక్‌లు రోజూ మునుగుతాయి. గొడవ సోమవారమే ఎందుకు? నాకు ఈ కేసులో అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే.

రోజూ ట్యాంకులో స్టీలు ఉంటుంది. ఫెర్రిక్‌కి స్టీలుతో తేడా 0.77లోంచి −0.44 తీసేస్తే 1.21 వోల్టులు. తుప్పు కరిగి వచ్చిన ఫెర్రిక్‌ని ఎక్కువ భాగం స్టీలే తినేసి ఫెర్రస్ చేస్తుంది. ఇది ఒకటి. రెండోది, రాక్ మీద ముక్కలు వేలాడుతున్నంత సేపూ రాగికి స్టీలు ఆనుకునే ఉంటుంది. ఆనుకున్న రెండు లోహాలు యాసిడ్‌లో ఒకే పొటెన్షియల్‌కి వస్తాయి, అది ఇనుము వైపే, రాగి కరిగే స్థాయికి చాలా కింద ఉంటుంది. స్టీలు కరుగుతూ రాగిని కాపాడుతుంది.

శనివారం సాయంత్రం ఏం చేస్తున్నారో అడిగితే గానీ తెలియలేదు. రాక్ కొనల మీద వారమంతా జింక్ గడ్డలా పేరుకుంటుంది, దాన్ని వదిలించడానికి ఖాళీ రాక్‌లను పిక్లింగ్ ట్యాంకులోనే ముంచి ఇంటికెళ్లిపోతున్నారు. ఎవరూ చెప్పని, ఎక్కడా రాసిపెట్టని పద్ధతి, కానీ చాలాకాలంగా నడుస్తోంది. జింక్ ఉన్నంత సేపు రాగికి ఏ దిగులూ లేదు, −0.76 దగ్గర ఉన్న జింక్ ముందు కరుగుతుంది. బుసబుసమని హైడ్రోజన్ వచ్చి అది కాసేపట్లో అయిపోతుంది. ఆ తర్వాత ఒక రాత్రి, ఒక పగలు, ఇంకో రాత్రి, ఆ ట్యాంకులో స్టీలు లేదు, జింక్ లేదు, ఉన్నది రాగి, ఫెర్రిక్, పైగా ట్యాంకులోకి గాలి బుడగలు పంపుతూ, ఎవరూ ఆపని గాలి పైపు.

సోమవారం పొద్దున అందులో తొలి స్టీలు ముక్క మునిగితే ఇంకేముంది, కరిగి ఉన్న రాగి అంతా దాని మీదికే.

దీన్ని మీటరుతో ముందే పట్టుకునేవాణ్నే, నా చేతకానితనం వల్ల వదిలేశాను. ఒక సోమవారం ట్యాంకులో ప్లాటినం ఎలక్ట్రోడ్ పెట్టి రెడాక్స్ పొటెన్షియల్ చూస్తే మీటరు 0.35 చూపించింది. "రాగి 0.34, ఇదీ 0.35, ఏం లేదులే" అనుకున్నాను. ఆ మీటరులో రిఫరెన్స్, అంటే పోల్చడానికి వాడేది, సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్. పట్టికలోని సంఖ్యలన్నీ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోల్చినవి. రెంటికీ మధ్య సుమారు 0.2 వోల్టుల తేడా ఉంది, కాబట్టి అసలు విలువ 0.55. ద్రావణంలో రాగి అయాన్లు కొంచెమే ఉన్నప్పుడు రాగి పొటెన్షియల్ 0.34 కన్నా తక్కువ కూడా. అంటే ఆ ద్రావణం రాగిని కరిగించడానికి కావలసినంతకన్నా చాలా ఎక్కువ పొటెన్షియల్‌తో కూర్చుని ఉంది, నేను మీటరు కడిగి పెట్టెలో పెట్టేశాను.

బీకర్లలో

మాటలతో సూపర్‌వైజర్ ఒప్పుకోలేదు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. ఒకే రాగి రేకులోంచి పట్టీలు కోసి బీకర్లు పెట్టాం. మొదటిదాంట్లో బాగా మరిగించి చల్లార్చిన పలచని హైడ్రోక్లోరిక్, గాలి తగలకుండా మూత బిగించాం. రెండోదాంట్లో అదే యాసిడ్, గాలి బుడగలు పంపిస్తూ. మూడోదాంట్లో యాసిడ్‌తో పాటు కొంచెం ఫెర్రిక్ క్లోరైడ్. నాలుగు, అయిదు బీకర్లలో ట్యాంకు నుంచి తెచ్చి వడపోసిన ద్రావణం. నాలుగోదాంట్లో రాగి పట్టీకి ఇనుప మేకు ఆనించి కట్టాం, అయిదోదాంట్లో పట్టీ ఒక్కటే.

మొదటి బీకరులో పట్టీ మర్నాటికీ మెరుస్తూనే ఉంది. సూపర్‌వైజర్ చదువుకున్నది నిజమే అని అక్కడే తేలింది. మూడోదాంట్లో గంట తిరక్కుండానే మెరుపు పోయి గరుకు గులాబీ రంగు తిరిగింది. అయిదోదాంట్లోనూ అదే, కాస్త నెమ్మదిగా. నాలుగోదాంట్లో మేకు చుట్టూ బుడగలు, రాగి మాత్రం చెక్కుచెదరలేదు. "మేకు కట్టినందుకే?" అని ఆయన రెండు మూడు సార్లు ఎత్తి చూశారు.

నన్ను ఆశ్చర్యపరిచింది రెండో బీకరు. సాయంత్రం దాకా పెద్దగా ఏమీ లేదు, రాత్రి తర్వాత మాత్రం ద్రావణం ఆకుపచ్చగా మారింది, ఆ పైన కరిగే వేగం పెరిగిపోయింది. ఆక్సిజన్ తగ్గకుండా వస్తోంది, పెరగడానికి కారణమేంటి? కరిగిన రాగే. మామూలుగా కుప్రిక్ అయాన్ (రెండు ఎలక్ట్రాన్లు పోయిన రాగి) రాగి లోహాన్ని కరిగించలేదు. రెండూ కలిసి కుప్రస్ (ఒక్క ఎలక్ట్రానే పోయిన రాగి) అవ్వాలంటే లెక్క 0.16లోంచి 0.52 తీసేయాలి, −0.36 వస్తుంది, జరగదు. కానీ క్లోరైడ్ ఉన్నచోట కుప్రస్ అయాన్ ఒంటరిగా ఉండదు, రెండు క్లోరైడ్లు దాన్ని గట్టిగా పట్టుకుంటాయి. ఆ జంటని లెక్కలోకి తీసుకుంటే 0.52 కాస్తా సుమారు 0.19కి పడిపోతుంది, అటువైపు 0.16 దాదాపు 0.49కి ఎగబాకుతుంది. ఇప్పుడు తేడా +0.30. గుర్తే మారిపోయింది. కరిగిన కుప్రిక్ ఇంకొంచెం రాగిని కరిగిస్తుంది, వచ్చిన కుప్రస్‌ని గాలి మళ్లీ కుప్రిక్ చేస్తుంది, తన పని తనే పెంచుకుంటూ పోతుంది. ఇదే ట్యాంకులో సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటే ఈ భాగం జరిగేది కాదు. ప్రమాణ పట్టికలో సంఖ్యలు ఒట్టి నీళ్లతో చుట్టబడ్డ అయాన్లకి అని మనం తరచూ మర్చిపోతాం. అయాన్‌ని పట్టుకునేది ఏదైనా ద్రావణంలో ఉంటే ఆ సంఖ్య ఆ ద్రావణానికి చెల్లదు. ఫెర్రిక్–ఫెర్రస్ జంట కూడా ఒక మోలార్ హైడ్రోక్లోరిక్‌లో 0.77 కాదు, 0.70 దగ్గర ఉంటుంది. అక్కడ జవాబు మారదు కాబట్టి నేను పట్టించుకోలేదు, రాగి దగ్గర మారింది.

ఇంకో మాట. పొటెన్షియల్ "జరగొచ్చు" అని చెబుతుంది, "ఎప్పుడు" అని చెప్పదు. ఆక్సిజన్ 1.23, ఫెర్రస్–ఫెర్రిక్ 0.77, తేడా 0.46, ధనం. కాబట్టి గాలి పంపితే ట్యాంకులో ఫెర్రస్ అంతా ఇట్టే ఫెర్రిక్ అయిపోతుందని మొదట రాసుకున్నాను. బాగా ఆమ్లంగా ఉన్న ద్రావణంలో ఆ చర్య చాలా నెమ్మది. రాగి లేకుండా ఫెర్రస్ క్లోరైడ్ ఒక్కదాన్నే గాలిలో ఉంచి, పక్కరోజు పొటాషియం థయోసైనేట్ (ఫెర్రిక్ ఉంటే ఎర్రబడేది) చుక్క వేస్తే ఎరుపు పెరిగింది గానీ నేను ఊహించినంత కాదు. అప్పుడు అనుమానం ట్యాంకు అడుగున పేరుకున్న తుప్పు మడ్డి మీదికి పోయింది. అది కరుగుతూ ఉంటే గాలితో పని లేకుండానే ఫెర్రిక్ వస్తుంది. గాలి వాటా ఎంత, మడ్డి వాటా ఎంత అన్నది అప్పటికి తేలలేదు.

సగం యాసిడ్ పారబోస్తే?

పై నుంచి వచ్చిన మొదటి సలహా ఇదే. "రాగి సాంద్రత తగ్గిపోతే పొర పడదు కదా?" సాంద్రత మారితే పొటెన్షియల్ ఎంత మారుతుందో చెప్పే సమీకరణం, నెర్న్‌స్ట్ 1889లో ఇచ్చింది, ఉన్నది ఇలాంటివాటికే. రాగి సాంద్రత పదింతలు తగ్గితే పొటెన్షియల్ పడేది 0.03 వోల్టులే. లీటరుకు ఒక మోల్ నుంచి మోల్‌లో పదిలక్షల వంతుకి తెచ్చినా 0.34 కాస్తా 0.16 అవుతుంది. ఇనుము వైపు లీటరుకు 56 గ్రాముల ఫెర్రస్ ఉందనుకుంటే −0.44 అలాగే ఉంటుంది. ఇంకా 0.60 వోల్టులు మిగిలింది. ఈ చర్య సమతాస్థితి స్థిరాంకం (చర్య ఎంత పూర్తిగా ముందుకు పోతుందో చెప్పే సంఖ్య) 10కి 26వ ఘాతం స్థాయిలో ఉంటుంది, దాన్ని నీళ్లు కలిపి వెనక్కి తిప్పడం కుదిరే పని కాదు.

పలచన చేస్తే పొర పలచబడుతుంది, అది నిజం, కానీ దానికి కారణం పొటెన్షియల్ కాదు, దిగడానికి రాగి తక్కువుండటం. అదైనా ఎంత తక్కువుండాలో చూడండి: 0.1 మైక్రాన్ మందం పొరకి చదరపు మీటరుకు సుమారు 0.9 గ్రాముల రాగి చాలు. వెయ్యి లీటర్ల ట్యాంకులో లీటరుకు 10 మిల్లీగ్రాములుంటే మొత్తం 10 గ్రాములు, అంటే పదకొండు చదరపు మీటర్ల స్టీలుని పాడు చేయడానికి సరిపోతుంది. తొలి రెండు మూడు బ్యాచ్‌ల తర్వాత గొడవ ఎందుకు ఆగుతోందో కూడా దీంతోనే అర్థమైంది. ట్యాంకుని మా ముక్కలే శుభ్రం చేస్తున్నాయి.

థయోయూరియా కలిపే దారి ఉంది. అది కుప్రస్‌ని క్లోరైడ్ కన్నా గట్టిగా పట్టుకుని రాగి పొటెన్షియల్‌ని బాగా కిందికి లాగుతుంది, బాయిలర్లను హైడ్రోక్లోరిక్‌తో శుభ్రం చేసేటప్పుడు రాగి మళ్లీ స్టీలు మీద పడకుండా వాడతారు. నేను వద్దన్నాను. ఆరోగ్యానికి మంచిది కాని రసాయనం, పైగా రాగి వచ్చే దారి చేతిలో ఉండగా మందు ఎందుకు?

చేసినవి ఇవి. రాక్‌ల జింక్ వదిలించడానికి విడిగా చిన్న టబ్బు పెట్టాం, జింక్ పోగానే తీసేయాలి, రాత్రంతా వదలకూడదు. చిరిగిన కోటింగులు మళ్లీ వేయించాం. లైను ఆగితే గాలి ఆపాలి. సోమవారం తొలి బ్యాచ్‌కి ముందు తుక్కు స్టీలు పలకలు అరగంట వేలాడదీయాలి. ఎలాగూ ఎవరో ఒకరి మీద దిగాల్సిన రాగి వాటి మీద దిగుతుంది. మొదటి సోమవారం ఆ పలకలు ఎర్రగా వచ్చాయి, ముక్కలు బాగున్నాయి. రెండో సోమవారం పలకలు కూడా బూడిద రంగే.

అయిదో సోమవారం పలకల మీద మళ్లీ లేత ఎరుపు కనిపించింది. రాక్‌లు బయటే ఉన్నాయి, గాలి శనివారమే ఆపారు, లాగ్ బుక్కులో సంతకం కూడా ఉంది. ట్యాంకు ఖాళీ చేసి చూస్తే ఎప్పుడో విరిగి పడిపోయిన రాగి కొక్కెం ఒకటి అడుగున తుప్పు మడ్డిలో సగం కూరుకుని ఉంది. మడ్డి పైకి ఉన్న సగం దాదాపు మామూలుగానే ఉంది. మడ్డిలో ఉన్న సగం పెన్సిల్ మొనలా సన్నబడింది.